బోధన్ సర్వర్‌లో ఐదో డిస్కు

హార్డ్ డిస్కు చాలాసార్లు చెప్పే పోతుంది. వినేవాళ్ళకు ఓపిక ఉండాలి గానీ, వారం ముందో నెల ముందో తనకు బాగాలేదని ఏదో ఒక తీరున చెబుతుంది. ఆ మాట వినడమే నా ఉద్యోగం. నిజామాబాద్‌లో ఒక గదిలో కూచుని బోధన్‌లో, రుద్రూర్‌లో, మెండోరలో తిరుగుతున్న డిస్కుల బాగోగులు నెట్‌వర్క్ మీద చూస్తూ పద్దెనిమిదేళ్ళు గడిపాను. పోయినేడు రిటైరయ్యాను.

నా తర్వాత నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు రాయమని అడిగింది. ప్రమోషన్ల గురించి రాయమంటే నాలుగు ముక్కలు కూడా రావు. నాకు వచ్చినవి రెండు. రెండోది, నేనొకదాన్ని ఉన్నానని ఎవరికో హఠాత్తుగా గుర్తొచ్చి ఇచ్చినది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో కూడా రాయను. నేను రాసేది అచ్చయ్యేలోపు అది పాతబడుతుంది.

రాయవలసింది ఒక మనిషి గురించి. బోధన్ శాఖలో ఖాజా అని టెక్నీషియన్ ఉండేవాడు. నా మాట విని ఒక డిస్కు తీశాడు. దాంతో ఆయన ఉద్యోగం పోయింది. పనిమంతుడని ఊళ్ళో ఉన్న పేరు కూడా పోయింది. తప్పు నాది. ఆ సంగతి నేను ఎక్కడా చెప్పలేదు. ముందు పని ఎలాంటిదో చెప్తాను. అది తెలియకపోతే తప్పు ఎంతటిదో మీకు తెలియదు.

కిటికీ లేని గది

మాది ధర్మ సంస్థ నడిపే కంటి ఆసుపత్రి. నిజామాబాద్‌లో పెద్దది, మిగతా మూడు చోట్ల చిన్న శాఖలు. ఒక్కో శాఖలో ఒక్కో సర్వర్. కంటి లోపలి ఫోటోలు, కేసు షీట్లు అన్నీ దాంట్లోనే. నా గది మెట్ల కింద. కిటికీ లేదు. బయట ఏ కాలం నడుస్తోందో నర్సుల్ని చూసి తెలుసుకునేదాన్ని. మార్కెట్ యార్డుకు పసుపు వచ్చే రోజుల్లో అందరూ తుమ్ముతూ డ్యూటీకి వచ్చేవాళ్ళు.

డిస్కు లోపల పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద సూదిలాంటిది కదులుతూ రాస్తుంది, చదువుతుంది. పళ్ళెం మీద ఒక చోటు చెడితే డిస్కు దాన్ని వదిలేసి పక్కన రాసుకుంటుంది, వదిలేసిన చోట్లు ఎన్నో లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్క, దాని ఒంటి వేడి, ఎన్ని గంటలుగా తిరుగుతోంది, ఇవన్నీ అడిగితే చెబుతుంది. పదిహేను నిమిషాలకోసారి నా కంప్యూటర్ అన్ని శాఖలనూ అడిగి తెర మీద వేసేది. బాగుంటే పచ్చ, అనుమానముంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు.

ఒక చోటు చెడిందని గాబరా పడకండి. నాకు తెలిసిన డిస్కు ఒకటి మూడు చెడ్డ చోట్లతో ఆరేళ్ళు బతికింది. నిన్న ఒకటి, ఇవాళ నాలుగు, రేపు పదకొండు అయితే మాత్రం ఇక ఆలోచించొద్దు, కొత్తది తెప్పించండి. రంగు మారేదాకా ఆగేవాళ్ళు ఈ పనికి పనికిరారు. పెరుగుతోందా, ఆగిందా అన్నది చూడాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈ పనిలో ఏమీ జరగకపోతేనే మీరు బాగా చేసినట్టు. ఏమీ జరగనందుకు ఎవరూ వచ్చి శభాష్ అనరు. నా గదికి వచ్చేవాళ్ళు రెండే రకాలు, ప్రింటర్ పనిచెయ్యడం లేదనేవాళ్ళు, దారి తప్పినవాళ్ళు. రెండో రకమే నయం, నవ్వుతూ వెళ్ళిపోయేవాళ్ళు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఒక్కరొక్కరే పోయారు. పొద్దున తొమ్మిదికి తెర ముందు కూచుంటే సాయంత్రం దాకా నాతో మాట్లాడేది ఆ మూడు సర్వర్లే. ఒంటరితనం అలవాటవుతుందంటారు. నాకు కాలేదు.

మెండోర శనివారం

దూరం నుంచి చూసేవాళ్ళకు ఎంత తెలుస్తుందో, ఎంత తెలియదో చెప్పడానికి ఒక చిన్న ముచ్చట.

మెండోర సర్వర్ డిస్కులు రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు వేడెక్కేవి, రెండుకు చల్లబడేవి. నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఫ్యాను పోయిందా, కరెంటు ఎక్కువ తక్కువలా, పక్క గదిలో ఏమన్నా మెషిన్ పెట్టారా అని ఫోన్ల మీద ఫోన్లు చేశాను. అంతా మంచిగనే ఉంది మేడమ్ అని ఒకటే జవాబు. గ్రాఫు ముందేసుకుని చూస్తే శనివారం మాత్రం వేడెక్కడం లేదు. ఆదివారం సెలవు, సరే. శనివారం ఆసుపత్రి ఉంది కదా?

ఫోన్ చేసి అటెండరు యాదమ్మను అడిగాను.

"యాదమ్మా, శనివారం నువ్వేం చేస్తవ్?"

"శనివారం నాకు ఒక్కపొద్దు మేడమ్. అన్నం తినను."

"మిగిలిన దినాలు అన్నం ఏడ పెడ్తవ్?"

"గా డబ్బ మీద పెడ్త మేడమ్. గాలొస్తది గద, గోరువెచ్చగుంటది. అందరియి నేనే ఆన్నే పెడ్త. శనివారం నేను పెట్టను, ఎవరిది వాళ్ళ కాడనే ఉంటది."

సర్వర్ వెనక గాలి బయటికి వచ్చే జాలీ మీద నాలుగు టిఫిన్ డబ్బాలు. గాలి ఆడక డిస్కులు ఉడికేవి, కూర వేడిగా ఉండేది. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నవ్వు పంచుకోవడానికి గదిలో ఎవరూ లేరు. యాదమ్మ ఎప్పుడు తింటుందో, ఏ రోజు పస్తుంటుందో డిస్కు వేడిని బట్టి తెలుసుకున్నాను గానీ, ఆమె మొహం ఎలా ఉంటుందో రిటైరయ్యేదాకా చూడలేదు.

అప్పుడే నేర్చుకోవలసింది, మెషిన్ దగ్గరికి పోయి చూడాలని. దాన్నొక నవ్వుల కథగా చెప్పుకున్నాను తప్ప నేర్చుకోలేదు.

ఖాజా చెవి

ఖాజా బోధన్ శాఖలో కాంట్రాక్టు మనిషి. జనరేటర్ చూస్తాడు, కంటి కెమెరాలు తుడుస్తాడు, సర్వర్ గది తాళం ఆయన దగ్గరే. వాళ్ళది గడియారాలు బాగుచేసే కుటుంబం. తాత కాలం నుంచి బోధన్‌లో అదే పని. పదేళ్ళ వయసు నుంచి వాళ్ళ అబ్బా, అంటే నాన్న, గడియారాన్ని ఖాజా చెవి దగ్గర పెట్టి "ఏమంటుంది?" అని అడిగేవాడట. సరిగ్గా చెబితేనే వెనక మూత తెరవనిచ్చేవాడట.

మొదట్లో నన్ను మేడమ్ అనేవాడు. రెండేళ్ళకు ఆపా అన్నాడు. ఆపా అంటే అక్క అని నాకు తెలుసు. ఆ మాట విన్న రోజు ఫోన్ పెట్టేశాక కాసేపు ఏ పనీ చెయ్యలేదు.

తొమ్మిదేళ్ళు మేము ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. పొద్దున పది గంటలకు ఆయనే చేసేవాడు. "సలాం ఆపా, మీ తెర ఏమంటుంది?" అని అడిగేవాడు. నేను నంబర్లు చెప్పేదాన్ని. తర్వాత ఆయన వంతు. చెరుకు లారీలు రోడ్డంతా ఆపేశాయనో, కాలువకు నీళ్ళు వదిలారనో, వాళ్ళ అబ్బా ఎవరిదో పాత గోడ గడియారం నడిపించాడనో ఏదో ఒకటి చెప్పేవాడు. రోజుకు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల కోసం నేను తొమ్మిదింటికే తయారుగా ఉండేదాన్ని. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

బోధన్ బస్సెక్కితే గంట. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. నెట్‌వర్క్ ఉండగా పోవడమెందుకు అనేదాన్ని. అసలు సంగతి వేరే. మొహం చూస్తే ఆ ఐదు నిమిషాలు మారిపోతాయేమోనని భయం.

రెండోది, ఐదోది

బోధన్ సర్వర్‌లో ఆరు డిస్కులు పక్కపక్కన వరసగా ఉండేవి. బరువును ఆరుగురు కలిసి మోస్తున్నట్టు అనుకోండి. ఒకరు తప్పుకున్నా మిగతా ఐదుగురు మోస్తారు. ఇద్దరు తప్పుకుంటే బరువు కింద పడుతుంది. ఒక్కటి జబ్బు పడితే దాన్నే తీసి కొత్తది పెట్టాలి. ఆ పెట్టె పాతది, ముందు వైపు దీపాలు ఎప్పుడో పోయాయి. అందుకని ఖాజా ఒక్కో డిస్కు మీద కాగితం ముక్క అంటించి నంబర్లు వేశాడు. "నంబర్లు ఏసిన ఆపా" అన్నాడు. "మంచి పని చేసినవ్" అన్నాను. ఎటు నుంచి వేశావని అడగలేదు. ఆ ప్రశ్న ఉంటుందని కూడా నాకు తోచలేదు.

నాలుగేళ్ళ కింద, చెరుకు నరికే రోజుల్లో, ఒక పొద్దున ఖాజా ఫోన్ చేశాడు.

"ఆపా, ఐదోది మంచిగ లేదు. నడుమ నడుమ టిక్కుమని ఆగుతుంది, మల్ల తిరుగుతుంది. అబ్బా ఈడ ఉంటె దీన్ని తెరిచి చూడాలె అంటుండె."

ఐదోది చూశాను. ఒక్క చెడ్డ చోటు లేదు. వేడి మామూలు. పచ్చగా ఉంది.

"ఏం లేదు ఖాజా భాయ్. పచ్చగుంది."

"పచ్చగుంటె పచ్చగుండనీ ఆపా. చప్పుడు మాత్రం మంచిగ లేదు."

నవ్వాను. రోజూ రాసుకునే రిజిస్టర్‌లో "బోధన్. ఐదోది చప్పుడు చేస్తోందని ఖాజా. చూశాను. ఏమీ లేదు" అని రాసి పెట్టాను. చప్పుడుకు నా తెర మీద గడి లేదు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు బోధన్ రెండో డిస్కు ఎర్రబడింది. చెడ్డ చోట్లు గంట గంటకు పెరుగుతున్నాయి. నేను తడబడలేదు. కొత్త డిస్కు అక్కడే అల్మారాలో ఉంది. ఖాజాకు ఫోన్ చేశాను.

"ఖాజా భాయ్, రెండోది పోతుంది. అది తీసి కొత్తది పెట్టు."

"రెండోదా ఆపా? చప్పుడు చేసేది ఐదోది."

"ఐదోది మంచిగుంది. నేను చూస్తున్న గద."

"జర మల్ల చూడుండ్రి. రెండోది గిప్పుడే ఇన్న. సాఫ్‌గ తిరుగుతుంది."

"ఇది చెవితోని చూసే పని కాదు ఖాజా భాయ్. రెండోది తియ్యి."

"సరె ఆపా. మీరు చెప్తున్నరు గద" అన్నాడు. డిస్కు జారిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. కొత్తది పెట్టాడు. నేను థాంక్స్ అని పెట్టేశాను.

పదిహేను నిమిషాలకు తెర మారింది. రెండోది ఇంకా ఎర్రగానే ఉంది. ఐదో స్లాట్‌లో కొత్త డిస్కు కూచుని, మిగతావాటి నుంచి చదువుకుంటూ నిండుతోంది. అంటే బాగున్న డిస్కు బయటికి వచ్చింది, జబ్బు పడ్డది లోపలే ఉండి మొత్తం బరువు మోస్తోంది. ఆ నింపడం ఆపాలని చూశాను. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి లోపలికి వెళ్ళేసరికి రెండోది ఆగిపోయింది. దాంతో పాటే బోధన్ సర్వర్ మొత్తం పడిపోయింది.

సాయంత్రం రిజిస్టర్ తిప్పుతుంటే ఇరవై రోజుల కిందటి నా రాత కనిపించింది. ఐదోది చప్పుడు చేస్తోంది. ఆరు డిస్కులు. ఎడమ నుంచి రెండోదంటే కుడి నుంచి ఐదోది. ఆ లెక్క చెయ్యడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఖాజా ఉర్దూ మీడియంలో చదివాడు. ఆయన రాసే బుక్కు కుడి నుంచి తెరుచుకుంటుంది. వరస ఎక్కడ మొదలవుతుందని ఆయన్నడిగితే కుడి వైపు చూపిస్తాడు, నన్నడిగితే ఎడమ వైపు చూపిస్తాను. మెషిన్ కూడా నాలాగే లెక్కపెడుతుంది కాబట్టి లోకమంతా అంతేననుకున్నాను. మర్నాడు పొద్దున, నేను మెసేజ్ పెట్టి అడిగితే, ఖాజా పెట్టె ఫోటో పంపాడు. కాగితం ముక్కల్లో ఒకటో నంబరుది కుడి చివర ఉంది.

అంటే జబ్బు పడ్డ డిస్కును నా తెర కంటే ఇరవై రోజుల ముందే ఆయన చెవి పట్టింది. తీసే ముందు కూడా రెండుసార్లు అడిగాడు. నేనే వద్దని నోరు మూయించాను.

అడగని ప్రశ్న

వారానికోసారి, శనివారం, బోధన్ నుంచి నా దగ్గరికి బ్యాకప్ వచ్చేది. పడిపోయింది శుక్రవారం. ఆరు రోజుల కంటి ఫోటోలు పోయాయి. వాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి ఫోటోలు తీశారు. చెరుకు కోతలు వదిలి, రెండోసారి పని మానుకుని వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? గేటు దగ్గర తిట్లన్నీ ఖాజానే తిన్నాడు. వారానికోసారి చాలని పెట్టింది కూడా నేనే. మీరు రోజూ తీసుకోండి.

సోమవారం రాజేశ్వర్ సార్ నన్ను పిలిచాడు. ఆయన మా అడ్మినిస్ట్రేటర్. చెడ్డవాడు కాదు. ఏదన్నా జరిగితే కాగితం మీద ఒక పేరు ఉండాలి, ఆ పేరు తనది కాకూడదు, అంతే ఆయన పట్టింపు. నేను చూసిన బాసులందరిలో ఆయన మధ్యరకం.

"డిస్కు ఎవరు తీసిండ్రు మేడమ్?"

"ఖాజా."

"తప్పు డిస్కు తీసిండా?"

"తప్పు డిస్కే వచ్చింది సార్."

"గదే రాసియ్యుండ్రి."

ఎవరు తియ్యమన్నారని ఆయన అడుగుతాడని చూశాను. నోటి దాకా జవాబు తెచ్చుకుని నిలబడ్డాను. ఆయన అడగలేదు. ఇంకో ఫైలు తెరిచాడు. నేను గదికి వచ్చి "ఆపరేటర్ తప్పు డిస్కు తీయడం వల్ల" అని ఒక్క వాక్యం రాసిచ్చాను. ఆ వాక్యంలో అబద్ధం లేదని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. బుధవారం ఖాజాను తీసేశారు.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతే తిండికి లేదని కాదు. నాకు పోవడానికి ఆ గది తప్ప ఇంకో చోటు లేదు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్ళు ఉంది. ఆ మూడేళ్ళు పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలన్న భయం. ఇంత చిన్న భయానికి ఒక మనిషిని ఇచ్చేశాను.

శనివారం పది గంటలకు ఖాజా ఫోన్ చేశాడు. పేరు కనిపిస్తూనే ఉంది, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చెయ్యలేదు. ఆ తర్వాత బోధన్ నుంచి నాకు ఫోన్లు వచ్చాయి, మెయిళ్ళు వచ్చాయి. మీ తెర ఏమంటుందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మూడేళ్ళు పది గంటలప్పుడు నేను గదిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూచునేదాన్ని.

బోధన్ బస్సు

రిటైరైన రోజు శాలువా కప్పి పంపించారు. ఇంటికొచ్చాక కూడా రోజూ పొద్దున ఎనిమిదింటికి నా ఫోన్‌కు సర్వర్ల మెసేజ్ వచ్చేది. "బోధన్ బాగుంది. రుద్రూర్ బాగుంది. మెండోర బాగుంది." నా నంబరు జాబితాలోంచి తీసెయ్యడం మర్చిపోయారు. నేను గుర్తు చెయ్యలేదు. నాకు పొద్దున్నే వచ్చే పలకరింపు అదొక్కటే. కొన్ని నెలలయ్యాక ఒకరోజు అది రాలేదు. కొత్తమ్మాయి జాబితా సరిచేసింది, మంచి పనే చేసింది. తొమ్మిదయింది, పదయింది. చెప్పులేసుకుని బస్టాండ్‌కు వెళ్ళి బోధన్ బస్సెక్కాను.

గడియారాల ఖాజా అంటే ఊళ్ళో ఎవరన్నా చూపిస్తారనుకున్నాను. మొదట అడిగిన ఆటో అతను, "ఖాజానా? గా కంటి దవాఖాన్ల మెషిన్ ఖరాబ్ చేసినాయినె గద?" అని దారి చూపించాడు. ఊళ్ళో అందరికీ ఆయన ఆనవాలు అదే అయింది.

చిన్న షాపు. కంటికి భూతద్దం పెట్టుకుని ఒకాయన వంగి పనిచేసుకుంటున్నాడు. నెరిసిన గడ్డం. నేననుకున్నదాని కంటే సన్నగా ఉన్నాడు.

"చెప్పుండ్రి అమ్మా, ఏం గడియారం?"

"గడియారం కాదు ఖాజా భాయ్" అన్నాను.

భూతద్దం తీశాడు. నా మొహం చూసి ఆయనకేమీ తెలియలేదు, గొంతు విని తెలిసింది. "ఆపా?" అని లేచి నిలబడ్డాడు. స్టూలు తుడిచి వేశాడు, చాయ్‌కి చెప్పాడు. చాయ్ వచ్చేలోపే నేను మొదలుపెట్టాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం వేసింది. రిజిస్టర్‌లో రాసుకున్నది, కుడి ఎడమ లెక్క, రాజేశ్వర్ సార్ అడగంది, నేను చెప్పంది, అన్నీ చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా చేతిలో గడియారాన్ని తిప్పుతూ విన్నాడు.

"నాకెరుకే ఆపా" అన్నాడు.

"ఎట్లెరుక?"

"ఫోటో పంపిన గద. పంపినంక నేను గూడ చూసుకున్న. మీరు అటుకెల్లి లెక్కపెడ్తున్నరు, నేను ఇటుకెల్లి పెడ్తున్న. సమజైంది. మీక్కూడ సమజైతది, సార్‌కు చెప్తరు అనుకున్న. మూడు దినాలు ఫోను చేతుల్నే పట్టుకోని కూసున్న."

"మరి నువ్వే ఎందుకు చెప్పలేదు భాయ్?"

"కాంట్రాక్టోడు చెప్తె తప్పించుకుంటుండు అంటరు. మీరు చెప్తె నిజమైతది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆపమనలేదు, ఓదార్చలేదు. చేతిలో గడియారం కింద పెట్టి తనే మాట్లాడాడు.

"నౌకరి పోతె పోయింది ఆపా. గీ షాపు ఉండె. అబ్బాతోనే కష్టమైంది. దినమంత షాపుల కూసునేటోడు గద, వచ్చినోళ్ళంత అడుగుతుండ్రి. ఒకదినం అబ్బా అడిగిండు, చెడ్డ పుర్జ లోపట ఉంచి మంచి పుర్జ తీసినవా రా అని. నేనేం అనలే. మల్ల ఎన్నడు అడగలే. గని అప్పటిసంది నేను బాగుచేసిన గడియారం ఏదైనా సరె, నేను చాయ్ తాగ పోయినప్పుడు తీసి చెవికాడ పెట్టుకోని ఇనేటోడు. నేను చూడలేదు అనుకునేటోడు."

"అబ్బా ఎట్లున్నరు? నేను చెప్త. ఇప్పుడే ఇంటికి పోయి చెప్పుదాం పా."

"పోయిండు ఆపా. రంజాన్ కంటె ముందు."

నేను కూచున్న స్టూలు ఆ పెద్దాయనదేనని అప్పుడర్థమైంది.

ఆసుపత్రికి ఉత్తరం రాస్తానన్నాను. ఆ సార్ కూడా వేరే చోటికి పోయిండు, ఎవరికి రాస్తారన్నాడు. అప్పుడు ఈ వ్యాసం సంగతి చెప్పాను. కొత్త పిల్లల కోసం రాయమన్నారు, అందులో రాస్తాను, అందరి పేర్లూ మారుస్తాను, నీ పేరు బయటపడదు అన్నాను. ఆయన చప్పున తల ఎత్తాడు.

"నా పేరు మార్చకుండ్రి. అసలు పేరే రాయుండ్రి. అబ్బా పోయిండు గని అబ్బా దోస్తులున్నరు. అసర్ నమాజ్ అయినంక దినాం గీడనే కూసుంటరు. గాళ్ళల్ల తెలుగు సదివేటోళ్ళు ఇద్దరున్నరు. వాళ్ళతోని అందరికి సదివిపిస్త."

మాఫ్ చేశానని ఆయన అనలేదు. నేను అడగలేదు. చాయ్ తాగి వచ్చేశాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇక్కడితో అయిపోయింది. వరస ఎటు నుంచో అడగండి, మెషిన్ దగ్గరికి పోయి చూడండి, దాని పక్కన ఉన్న మనిషి మాట వినండి. మిగతా పేర్లన్నీ మార్చాను. ఇక ఈ కింది నాలుగు మాటలు మీకు కాదు.

బోధన్‌లో గడియారాల షాపు దగ్గర కూచున్న పెద్దలకు. షేక్ ఖాజా ఆ రోజు తీసింది నేను తియ్యమన్న డిస్కు. చెడ్డది ఏదో ఇరవై రోజుల ముందే చెవితో పట్టి నాకు చెప్పాడు. తీసే ముందు మళ్ళీ రెండుసార్లు చెప్పాడు. నేను వినలేదు, తర్వాత నిజం దాచాను. మీ దోస్తు తన కొడుకుకు నేర్పిన పని ఎక్కడా తప్పలేదు. ఈ మాట ఆయన బతికి ఉండగా వచ్చి ఆ స్టూలు ముందు నిలబడి చెప్పవలసింది నేను. రాలేదు.